ఊపిరితిత్తి క్యాన్సర్ స్టేజి ఒకటి-బి, ఆపరేషన్ అయింది: ఇక కీమోనా, మాత్రా, ఊరుకోవడమా?

లెక్కల టీచరమ్మ | 11 నవంబరు 2025

అందరికీ నమస్కారం. నాకు 64 ఏళ్లు. నరసరావుపేట దగ్గర జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పి 2021 అక్టోబరు ఆఖరున పదవీ విరమణ చేశాను. సరిగ్గా రెండు నెలలకు, జనవరి 1 నుంచి, విరమణ వయసు 62కి పెంచారు. అంకెలకూ నాకూ ఉన్న సంబంధం అలాంటిది.

ఈ సంక్రాంతికి పట్టుకున్న దగ్గు ఉగాదికి కూడా వదల్లేదు. ఎక్స్‌రేలో కుడివైపు పైన మచ్చ కనిపించింది. తెమడ పరీక్షలో ఏమీ దొరకకపోయినా టీబీ కావచ్చని మందులు మొదలుపెట్టారు. మూడు నెలలు మింగాను. మూత్రం నారింజ రంగులో వస్తుంటే మందు బాగా పనిచేస్తోందని సంతోషించాను కూడా. ఆగస్టులో సీటీ స్కాన్, తర్వాత సూదితో ముక్క తీసి పరీక్ష. అప్పుడు తేలింది, క్యాన్సరని. నేను జన్మలో చుట్ట, బీడీ ముట్టలేదు. మా ఇంట్లో ఎవరికీ ఆ అలవాటు లేదు.

దసరా వెళ్లిన నాలుగో రోజు హైదరాబాదులో ఆపరేషన్ చేశారు. పెద్ద కోత లేకుండా, కెమెరా పెట్టి, కుడి ఊపిరితిత్తి పై లోబు తీసేశారు. ఇవాళ్టికి ఐదు వారాలు దాటాయి. మూడు బంతుల పరికరంతో ఊపిరి పీల్చమన్నారు కదా, రెండు బంతులు బాగానే లేస్తున్నాయి. మూడోది కొంచెం కదిలి, హోంవర్కు చేయని పిల్లవాడిలా మళ్లీ కూర్చుంటుంది.

రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. అడినోకార్సినోమా రకం క్యాన్సర్ గడ్డ, 3.4 సెంటీమీటర్లు. కోత అంచుల్లో కణాలు లేవు. ఊపిరితిత్తి పైపొర ప్లూరాకు సోకలేదు. తీసిన లింఫు గ్రంథులు 14, అన్నీ శుభ్రం. గడ్డ లెక్కన టీ2ఏ, గ్రంథుల లెక్కన ఎన్0, మొత్తంగా స్టేజి ఒకటి-బి. వారం తర్వాత జన్యు పరీక్ష వచ్చింది: గడ్డ కణాల్లో ఈజీఎఫ్ఆర్ ఎక్సాన్ 19 డిలీషన్ అనే జన్యు మార్పు ఉంది, ఏఎల్‌కే అనే మరో మార్పు లేదు.

ఇక్కడి నుంచి నా చిక్కు. ఆపరేషన్ చేసిన డాక్టరు గారు "అంతా తీసేశాం, ఆరు నెలలకోసారి సీటీ తీయిస్తే చాలు" అన్నారు. అక్కడే ఉన్న క్యాన్సర్ వైద్యులు "నాలుగు విడతలు కీమో వేయించుకుంటే భద్రత" అన్నారు. ఇంకో ఊళ్లో చూపిస్తే "కీమో దేనికి? ఈ జన్యు మార్పుకు ఒసిమెర్టినిబ్ అనే మాత్ర ఉంది, రోజుకొకటి, మూడేళ్లు వేసుకోండి" అన్నారు. ముగ్గురూ పెద్ద చదువులు చదివినవారే, ముగ్గురి ముందూ ఉన్నది ఒకే కాగితం.

డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి "అమ్మా, ఏదీ వదలవద్దు, రెండూ చేయిద్దాం" అంటాడు. మా వారు సత్తెనపల్లి రోడ్డులో ఉన్న స్థలం అమ్మకానికి పెడతానంటున్నారు. మా ఆడపడుచు కీమో అన్న మాట వింటేనే కొంగు కళ్లకు అద్దుకుంటుంది. మొన్న ఆదివారం వీడియో కాల్‌లో నన్ను పక్కనే కూర్చోబెట్టుకుని "తను తట్టుకోగలదా" అని ముగ్గురూ చర్చించుకున్నారు. నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ విన్నాను.

ధైర్యం చెప్పేవాళ్లు ఇంట్లో చాలామంది ఉన్నారు. నాకు కావలసింది వేరు. నా వంటి వాళ్లు నూరు మంది ఉంటే, ఏ మందూ వేసుకోకుండా బాగుండేవాళ్లు ఎంతమంది? కీమోతో ఎంత? మాత్రతో ఎంత? ముప్పై ఏళ్లు పిల్లలకు శాతాలు చెప్పాను. ఎవరిని అడిగినా "వేసుకుంటే మంచిది" అంటున్నారు. ఎంత మంచిది అంటే మాట మారుస్తున్నారు.

నల్లమల గాలి | 11 నవంబరు 2025

టీచరు గారూ, నాది ఆరేళ్ల కిందటి కథ. 2.6 సెంటీమీటర్లు, స్టేజి ఒకటి-ఏ, స్క్వామస్ రకం. పాతికేళ్లు సిగరెట్లు కాల్చినవాణ్ణి, నాకు రాక ఇంకెవరికి వస్తుంది. ఆపరేషన్ తర్వాత ఏ మందూ వేసుకోలేదు. నా స్టేజిలో కీమో ఇస్తే మేలు కన్నా కీడే ఎక్కువ కావచ్చని మా డాక్టరు గారు ముఖం మీదే చెప్పారు. మొదటి మూడేళ్లు ఆరు నెలలకోసారి సీటీ, ఇప్పుడు ఏడాదికోసారి.

ఊరుకోవడం తేలికని ఎవరైనా అంటే నమ్మవద్దు. స్కాన్‌కు పది రోజుల ముందు నుంచి నాకు ప్రతి దగ్గూ అనుమానమే. మా ఆవిడ ఆ పది రోజులూ నాతో వాదన పెట్టుకోదు, అదొక్కటే లాభం. అయితే నా లెక్క మీ లెక్క కాదు. నాకు ఈజీఎఫ్ఆర్ లేదు, మీకు ఉంది. నన్ను చూసి మీరు ఏదీ నిర్ణయించుకోవద్దు.

ప్రకృతి బిడ్డ | 12 నవంబరు 2025

అమ్మా, ఈ మాత్రలూ కీమోలూ అన్నీ వ్యాపారం. పొద్దున్నే పరగడుపున గోధుమగడ్డి రసం, రాత్రి తిప్పతీగ కషాయం. మూడు నెలల్లో ఫలితం చూడండి. వివరాలకు నాకు విడిగా సందేశం పెట్టండి.

నల్లమల గాలి | 12 నవంబరు 2025

విడిగా ఎందుకండీ, ఇక్కడే చెప్పండి: నూటికి ఎంతమందికి? టీచరు గారు అడిగింది అదే కదా.

కొల్లేటి కొంగ | 12 నవంబరు 2025

మా ఇంటావిడ ఈ మాత్ర మొదలుపెట్టి 19 నెలలైంది. ఆమెది రెండో స్టేజి, ఒక గ్రంథిలో ఉంది, కాబట్టి ముందు నాలుగు విడతలు కీమో అయ్యాక మాత్ర ఇచ్చారు. లాభనష్టాల శాతాలు నాకు తెలియవు. ఇంట్లో ఎలా ఉంటుందో చెబుతాను.

80 మిల్లీగ్రాముల బిళ్ల, రోజుకొకటి, ఒకే వేళకు. తిన్నాక వేసుకున్నా పరవాలేదు, తినకముందు వేసుకున్నా పరవాలేదు. జుట్టు ఊడలేదు. మొదటి నెలలో విరేచనాలు, అటుకులు, మజ్జిగ మీద నెట్టుకొచ్చాం. రెండో నెల నుంచి గోరుచుట్టు. వినడానికి చిన్న మాట. కాలి బొటనవేలి గోరు పక్కన చర్మం ఎర్రబడి, ఉబ్బి, చెప్పు తగిలితే ప్రాణం పోయేది. గోరువెచ్చని ఉప్పునీళ్లలో కాళ్లు పెట్టడం, డాక్టరు రాసిన ఆయింట్‌మెంటు, గోళ్లు మరీ లోపలికి కత్తిరించకపోవడం, ఈ మూడింటితో దారిలో పడింది. పెసరట్లకు పిండి రుబ్బడం మాత్రం నా వంతుకు వచ్చింది, ఆమె వేళ్ల కొనలు పగిలాయి కనుక. చర్మం ఎండిపోతుంది, రోజూ స్నానం కాగానే కొబ్బరినూనె. నోటిపూత అప్పుడప్పుడు.

మొదలుపెట్టే ముందు ఈసీజీ, గుండె ఎకో తీశారు. మధ్యలో కూడా తీస్తున్నారు. కొత్తగా ఆయాసం, పొడిదగ్గు, జ్వరం వస్తే మాత్ర ఆపి వెంటనే రమ్మన్నారు. ఊపిరితిత్తిలో వాపు కొందరికే వస్తుందట, వస్తే మాత్రం ప్రమాదమట. ఆ కాగితం మా ఫ్రిజ్ తలుపు మీద అతికించి ఉంది.

ఇక డబ్బు. మొదటిసారి నెల డబ్బా మీద ధర చూసి షాపు ముందే కూర్చుండిపోయాను. 2024 జులై కేంద్ర బడ్జెట్టులో దీనిమీద దిగుమతి సుంకం తీసేశారు, ఆ తర్వాత జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. అయినా మన వంటి ఇళ్లకు అది కొండే. కంపెనీ సహాయ పథకం ఏమైనా వర్తిస్తుందా అని డాక్టరు గారినీ, ఆసుపత్రి ఫార్మసీనీ మొదటి రోజే అడగండి. మేము ఐదు నెలలు పూర్తి ధర పెట్టాక అడిగాం. సరిహద్దు దాటి వచ్చే చౌక డబ్బాలు కొరియరులో పంపుతామని ఫోన్లు చేస్తారు, బిల్లు ఇవ్వరు. లోపల ఉన్నది మందో సుద్దో తెలియనప్పుడు చౌక అని ఎలా అంటాం?

స్థలం అమ్మే మాట మాత్రం ఇప్పుడే ఎత్తవద్దని మీ వారికి చెప్పండి.

స్లైడు మీద చుక్క | 14 నవంబరు 2025

టీచరు గారూ, నేను పాథాలజిస్టును. మనిషిని చూసి మందు రాసేదాన్ని కాదు, ముక్కను చూసి రిపోర్టు రాసేదాన్ని. కాబట్టి నేను చెప్పే అంకెలను మీ క్యాన్సర్ వైద్యుల ముందు పెట్టి, మీకు ఎంతవరకు వర్తిస్తాయో అడగండి.

ముందు కీమో. ఐదు పెద్ద పరిశోధనల్లోని 4,584 మంది వివరాలు కలిపి 2008లో లెక్క తీశారు, దాన్ని లేస్ విశ్లేషణ అంటారు. ఆపరేషన్ తర్వాత సిస్‌ప్లాటిన్ కీమో వల్ల ఐదేళ్ల దగ్గర నూటికి ఐదుగురు అదనంగా బతికారు. కాని అది అన్ని స్టేజీలూ కలిపిన సగటు. మేలంతా ప్రధానంగా రెండు, మూడు స్టేజీల వాళ్లది. ఒకటి-ఏలో కీడువైపు మొగ్గింది, నల్లమల గారికి చెప్పింది అదే. ఒకటి-బిలో స్పష్టమైన లాభం కనిపించలేదు. తరగతి సగటు చూసి ఒక్కొక్కరికి మార్కులు వేయకూడదని మీకు నేను చెప్పాలా. గడ్డ 4 సెంటీమీటర్లు, ఆపైన ఉంటే ఉపయోగం ఉండవచ్చని మరో పరిశోధన సూచించింది. డాక్టర్లు 4 దగ్గర గీత గీసేది అందుకే. మీది 3.4.

అయితే మీరు రాసిన దానిలో కొన్ని వాక్యాలు లేవు. రిపోర్టు రెండో పేజీ తీయండి. రక్తనాళాల్లో, లింఫు నాళాల్లో కణాలు కనిపించాయా? ఎస్‌టీఏఎస్ అని ఉందా? అంటే గడ్డ అంచు దాటి గాలి గదుల్లో విడిగా తేలుతున్న కణాలు. మైక్రోపాపిల్లరీ, సాలిడ్ అనే కణాల అమరికలు ఎంత శాతం? గడ్డ చిన్నదైనా ఇవి ఉంటే కొందరు వైద్యులు కీమో వైపు ఆలోచిస్తారు. కీమో చెప్పినవారు ఇవి చూసి చెప్పారో, అలవాటుగా చెప్పారో అక్కడ తెలుస్తుంది.

ఇప్పుడు మాత్ర. అడౌరా అనే పరిశోధనలో ఒకటి-బి నుంచి మూడు-ఏ వరకు ఉన్న 682 మందిని, అందరికీ ఈజీఎఫ్ఆర్ జన్యు మార్పే, రెండు వరుసలుగా చేశారు. ఒక వరుసకు మూడేళ్లు ఒసిమెర్టినిబ్, మరో వరుసకు మందు లేని డమ్మీ బిళ్ల. అందులో ఒకటి-బి వాళ్ల వరకే తీస్తే, రెండేళ్ల దగ్గర వ్యాధి తిరగబెట్టకుండా ఉన్నవారు మాత్రతో నూటికి 88, డమ్మీతో 71. ఐదేళ్ల దగ్గర బతికి ఉన్నవారు మాత్రతో 94, డమ్మీతో 88.

ఒక జతలో తేడా 17, ఇంకో జతలో 6. ఎందుకంటే తిరగబెట్టిన వాళ్లలో చాలామందికి తర్వాత మందులు అందాయి, కొందరికి ఇదే మాత్ర అందింది. అందరికీ అంది ఉంటే ఆ 6 ఇంకా తగ్గేదని వాదించేవాళ్లు ఉన్నారు. పైగా ఒకటి-బి వాళ్లు తక్కువమంది కావడం వల్ల ఆ 6 కాకతాళీయం కావచ్చన్న సందేహం గణితపరంగా పూర్తిగా పోలేదు. మాత్ర మిగిలిన కణాలను చంపుతోందా, నిద్రపుచ్చుతోందా అన్న చర్చ కూడా సాగుతూనే ఉంది; మూడేళ్లయి ఆపాక తిరగబెట్టినవాళ్లు ఉన్నారు. మరోవైపు, ఈ రకం క్యాన్సర్‌కు మెదడులోకి పాకే గుణం ఉన్నది, ఈ మాత్ర మెదడులోకి బాగా వెళుతుంది. ఆపరేషన్‌కు ముందు మెదడు ఎంఆర్ఐ తీశారో లేదో చూసుకోండి.

అంటే మీ మొదటి ప్రశ్నకు జవాబు: ఆ పరిశోధనలో మీ స్టేజి వాళ్లు డమ్మీ బిళ్లతోనే ఐదేళ్ల దగ్గర నూటికి 88 మంది ఉన్నారు. ఈ అంకె తెలిసి మాత్ర వేసుకోవడం వేరు, తెలియక భయంతో వేసుకోవడం వేరు.

రేడియేషన్ మాట ఎవరూ అనకపోవడం మంచిదే. గ్రంథులూ అంచులూ శుభ్రంగా ఉన్నవాళ్లకు దాని వల్ల హానే అని 1998లోనే తేలింది.

ముఖ్యమైనది ఇంకొకటి. మీ టీబీ మందుల్లో మూత్రాన్ని నారింజ రంగుకు తిప్పింది రిఫాంపిసిన్. అది ఒంట్లో ఉంటే ఒసిమెర్టినిబ్‌ను కాలేయం త్వరత్వరగా ఖర్చు చేసేస్తుంది, మాత్ర వేసుకున్నా రక్తంలో చాలినంత ఉండదు. ఆ మందులు పూర్తిగా ఆపేశారా? ఎప్పుడు? మాత్ర రాసేవాళ్లకు ఈ సంగతి తప్పకుండా చెప్పండి. కషాయాలు ఏవైనా తాగుతుంటే అవి కూడా.

ఇంకో చోట అభిప్రాయం కావాలంటే రిపోర్టు ఒక్కటే కాదు, స్లైడులూ బ్లాకూ కూడా అడిగి తీసుకోండి. బ్లాకు అంటే మైనంలో పొదిగిన మీ ముక్క, అగ్గిపెట్టెలో సగం ఉండే ప్లాస్టిక్ డబ్బీలో, పక్కన నంబరుతో. సంతకం పెట్టించుకుని ఇస్తారు. దాన్ని ఎండలో కారు అద్దం కింద పెట్టకండి, మైనం కరుగుతుంది. ఒకసారి ఒక కుటుంబం మా దగ్గరకు తెచ్చిన డబ్బీలో మైనం పక్కకు జారి గట్టిపడి ఉంది. ఆ ముక్కను మళ్లీ పొదిగి పని కానిచ్చాం కాని, వాళ్లకు ఆ సాయంత్రమంతా గుండెదడే.

మాత్ర వైపు మొగ్గితే మరీ నాన్చవద్దు. కీమో లేని వాళ్లకు ఆ పరిశోధనలో ఆపరేషన్ అయిన 10 వారాల లోపు మొదలుపెట్టారు. మీకింకా నాలుగు వారాల పైనే ఉంది. తొందర లేదు, తీరికా లేదు.

లెక్కల టీచరమ్మ | 14 నవంబరు 2025

డాక్టరమ్మా, మీరు రాసింది మూడుసార్లు చదివి, క్యాలెండరు కాగితం వెనక రాసుకున్నాను. 88 అనే అంకె రెండు చోట్ల వచ్చింది, ఒక చోట మాత్ర వైపు, ఒక చోట డమ్మీ వైపు. పరీక్షలో ఇస్తే సగం తరగతి తప్పు చేసేది. టీబీ మందులు ముక్క పరీక్ష ఫలితం వచ్చిన రోజే, ఆగస్టు 22న, ఆపించారు. మిగిలిన బిళ్లలు బీరువాలోనే ఉన్నాయి, వాటిని వెనక్కి ఇచ్చేస్తాను. రెండో పేజీ మా అబ్బాయి పంపిన ఫోటోల్లో లేనే లేదు. అసలు ఫైలు తెప్పిస్తున్నాను.

కొంగ గారూ, స్థలం మాట మా వారికి చదివి వినిపించాను. "ఆయనెవరో తెలివైనవాడు" అన్నారు. నేను నెల నుంచి అదే చెబుతున్నాను.

లెక్కల టీచరమ్మ | 9 డిసెంబరు 2025

అడిగి వదిలేసి వెళ్లిపోవడం మర్యాద కాదు కనుక ఏమైందో రాస్తున్నాను.

రెండో పేజీలో నాళాల్లో కణాలు లేవని ఉంది, ఎస్‌టీఏఎస్ లేదు, మైక్రోపాపిల్లరీ లేదు, సాలిడ్ 5 శాతం. ఆ కాగితం పట్టుకుని కీమో చెప్పిన డాక్టరు గారి దగ్గరికే మళ్లీ వెళ్లాను. "3.4కి కీమో ఏ లెక్కన చెప్పారండీ?" అని అడిగాను. ఆయన కోపగించుకోలేదు. ఫైలు మళ్లీ మొదటి నుంచి చూశారు. "జన్యు పరీక్ష రాకముందు చెప్పిన మాట అది. ఇప్పుడైతే పట్టుబట్టను" అన్నారు. ఆ మాట నేను వెళ్లి అడిగితే తప్ప రాలేదు. అది మాత్రం నాకు నచ్చలేదు.

మెదడు ఎంఆర్ఐ శుభ్రంగా ఉంది. ఈసీజీ, ఎకో కూడా బాగున్నాయన్నారు. సహాయ పథకానికి మా దరఖాస్తు తీసుకున్నారు, ఏ నెల నుంచి వర్తిస్తుందో ఇంకా తేలలేదు. మొదటి నెలల ఖర్చు మా అబ్బాయి పెట్టుకుంటానన్నాడు. తల్లికి రెండు మందులూ ఇప్పించాలన్న కోరిక తీరనందుకు ఒక్క మందుకైనా డబ్బు పెట్టనివ్వాలి కదా. ఎవరి వాటా ఎంతో నోటు పుస్తకంలో రాస్తున్నాను.

మాత్ర వేసుకోవాలనే నిర్ణయం నాదే. 6 కోసం అయితే ఆలోచించేదాన్ని. నేను 17 చూసుకున్నాను. మళ్లీ ఆ ముక్క పరీక్ష బల్ల మీద పడుకోవలసి రాకుండా కొన్నేళ్లు గడిస్తే, మా మనవరాలికి ఎక్కాలు నేను నేర్పగలుగుతాను. డల్లాస్‌లో వాళ్లు నేర్పడం లేదట. ఒక షరతు కూడా పెట్టాను. మూడు నెలలు చూస్తాను. రోజు గడవడమే కష్టమైతే డాక్టరుతో మాట్లాడి ఆపుతాను, అప్పుడు ఎవరూ కళ్లు తుడుచుకోకూడదు. ఇదంతా ఆదివారం వీడియో కాల్‌లో నేనే చెప్పాను. ఈసారి చిక్కుడుకాయలు మా వారి చేతిలో ఉన్నాయి.

మొదటి మాత్ర నిన్న సోమవారం ఉదయం 8 గంటలకు వేసుకున్నాను. నోటు పుస్తకంలో 1/1095 అని రాశాను. రాత్రి పడుకోబోతూ గుర్తొచ్చి, లేచి లైటు వేసి 1/1096 అని దిద్దాను. 2028 లీపు సంవత్సరం.